కాజాలక్క పున్నములు

సాయంత్రం ఐదున్నర కాగానే షట్టరు దిగేది. దిగిన షట్టరుకు బయటినుంచి తాళం పడేది. లోపల ఇరవై ఆరుమంది ఉండేవారు. ఆ రోజు కుట్టాల్సిన పీసులు పూర్తయితే ఎనిమిదిన్నరకు తాళం తీసేవారు, కాకపోతే అయ్యాకే. ఆరేళ్ళపాటు కాజాలక్క ఈ సంగతి మీద ఒక్క మాట అనలేదు. సూదిలోకి దారం ఎక్కించినట్టు, మిషన్‌కు నూనె వేసినట్టు, తాళంలో ఉండటం కూడా పనిలో ఒక భాగమనుకుంది.

అది యూనిఫారాలు కుట్టే హాలు. స్కూలు పిల్లల చొక్కాలు, ఆసుపత్రి కోట్లు, సెక్యూరిటీ వాళ్ళ ప్యాంట్లు కుడతారు. ఆమె పని కాజాలు, అంటే గుండీలు దూరే కన్నాలు, కుట్టడం. చొక్కాకు ఏడు, కోటుకు నాలుగు. కాజా మిషన్ హాలు మొత్తానికి ఒక్కటే, దాన్ని లొంగదీయగలిగింది ఆమె ఒక్కతే. అక్కడ మనుషులను పేరుతో పిలిచే అలవాటు లేదు, చేసే పనితోనే పిలుస్తారు. అలా ఆమె కాజాలక్క అయింది. పక్క మిషన్ మీద బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ పిన్ని. గోడవారన బల్ల దగ్గర ఇస్త్రీ బాబాయి. సూపర్‌వైజర్‌ను ఎదురుగా సార్ అంటారు, అటు తిరగగానే తాళంసారు అంటారు.

తాళం ఎందుకని కొత్తలో ఎవరో అడిగితే ఆయన ఒకే ఒక్కసారి జవాబు చెప్పాడు.

"బయటికి వెళ్తే మళ్ళీ వస్తారా మీరు? ఒకరు కూరగాయలంటారు, ఒకరు పిల్లలంటారు. పైగా బట్ట పోతోంది."

బట్ట ఏనాడూ పోలేదు. పోవాలన్నా దారి లేదు. హాలు కిటికీలు మనిషెత్తు మీద ఉంటాయి, వాటికి ఇనపజాలీ. మేడ మీద గోదాము, దాని మెట్లు వీధిలోంచి. ఫోన్లు పొద్దున్నే ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేయించుకుని, ఆ డబ్బాను తాళంసారు తన ఇనపబల్ల సొరుగులో పెడతాడు. ఆ సొరుగుకూ తాళమే.

తాళం లేనిదల్లా వెనకతలుపుకు. అది తీస్తే పెరడు. పెరడంటే మీకు జామచెట్టో మల్లెపందిరో గుర్తొస్తే దయచేసి వాటిని తీసెయ్యండి. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, సిమెంటు నేల. మూడు వైపులా మనిషిన్నర ఎత్తు గోడలు, వాటి మీద గాజుపెంకులు. ఎడమ గోడ అవతల బట్టలకు రంగులద్దే చోటు, కుడి గోడ అవతల రేకులు కొట్టే షాపు. తలుపు పక్కన రెండు నీళ్ళ డ్రమ్ములు. ఎదురుగోడకు ఆనించి ఒక రేకుల కొట్టు, దాన్నిండా కటింగులో మిగిలిన గుడ్డపీలికల మూటలు. పైన మాత్రం మూత లేదు. సాయంత్రం పావు తక్కువ ఏడుకు పావుగంట టీ విరామం. గ్లాసులు పట్టుకుని అందరూ ఆ పెరట్లోనే నిలబడాలి.

ఆ పావుగంటే కాజాలక్కకు దొరికే ఆకాశం. ఇంటి దగ్గర అదీ లేదు. మూడో అంతస్తులో ఒకటే గది. కిటికీ తెరిస్తే రెండడుగుల దూరంలో పక్క బిల్డింగు గోడ, దానికి సున్నం ఎన్నిసార్లు కొట్టారో పొరలు లెక్కపెట్టి చెప్పొచ్చు. ఆ గదిలో ఆమె, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగని అత్త, పదో తరగతి చదివే కూతురు. భర్త లారీ డ్రైవరు, నెలకు రెండుసార్లు వస్తాడు, వచ్చినప్పుడు నిద్రపోతాడు. పొద్దున బస్సులో ఎవరో ఒకరి చంక కింద తల పెట్టుకుని నిలబడి వెళ్ళడం, రాత్రి అలాగే తిరిగి రావడం. పైకి చూసే తీరిక ఆ మనిషికి ఎక్కడిది?

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం కూతురు ఫోను చూస్తూ అంది.

"అమ్మా, ఒక్కో నెల పున్నమికి ఒక్కో పేరుందట తెలుసా? కొన్ని దేశాల్లో జనవరిది తోడేలు చంద్రుడు, మార్చిది వానపాము చంద్రుడు, జూన్‌ది స్ట్రాబెర్రీ చంద్రుడు అంటారట."

మంచం మీంచి అత్త తల ఎత్తింది. "వానపామేమిటే? దానికీ ఓ చంద్రుడా?"

"ఆ నెలలో మంచు కరిగి మట్టిలోంచి వానపాములు బయటికొస్తాయట నానమ్మా. పాతకాలం వాళ్ళు చుట్టూ ఏం కనిపిస్తే ఆ పేరు పెట్టేసుకున్నారు."

"అయితే మీ అమ్మ పెట్టాల్సిన పేరు నాకు తెలుసు. దానికి కనిపించేది తాళమొక్కటేగా!"

కాజాలక్క నవ్వింది. కానీ మాట మనసులో పడింది. మర్నాడు టీ గ్లాసు పట్టుకుని ఓవర్‌లాక్ పిన్నికి చెప్పింది. పిన్ని నోరు ఊరుకునే నోరు కాదు.

"వానపాముకే ఉన్నప్పుడు మనకెందుకుండకూడదే? మొన్న పున్నమికి ఏం కుట్టాం మనం? కాలర్లు. నెలంతా కాలర్లే. ఎవడి మెడ చూసినా పట్టుకోబుద్ధేస్తోంది నాకు. అది కాలర్ పున్నమి, రాసుకో."

అలా మొదలైంది. సెక్యూరిటీ ప్యాంట్లకు జేబులు వద్దని ఆర్డరు ఇచ్చిన నెల, జేబుల్లేని పున్నమి. "జేబుల్లేకపోతే చేతులెక్కడ పెట్టుకుంటారు పాపం" అని ఇస్త్రీ బాబాయి ఆ నెలంతా బాధపడ్డాడు. గుండీల రంగు కలవలేదని రెండువందల చొక్కాలు వెనక్కి వచ్చిన నెల, తిరిగొచ్చిన పున్నమి. పిన్ని వేలిలో సూది విరిగిన నెలకు ఏ పేరు పెట్టాలన్న దాని మీద రెండు రోజులు తగువైంది. చివరికి పిన్ని వేలు కాబట్టి పిన్ని మాటే నెగ్గింది. ఆ పేరు అచ్చులో వేయదగ్గది కాదు.

పేరు పెట్టాక ముఖం చూడబుద్ధవుతుంది కదా. కాజాలక్క చూడటం మొదలుపెట్టింది. పుస్తకం లేదు, దుర్భిణీ లేదు. ప్రతి పున్నమికీ ఎడమ డ్రమ్ము పక్కన ఒకే చోట నిలబడి, చంద్రుడు ఎదురుగోడ మీద ఎక్కడ తేలాడో చూసేది. వెంటనే వెళ్ళి సరిగ్గా దాని కింద, బట్ట మీద గీతలు గీసే సుద్దతో గుర్తు పెట్టేది. వాన పడితే చెరిగేది, మళ్ళీ పెట్టేది. ఏడాది తిరిగేసరికి గోడ ఆమెకు పాఠం చెప్పింది. చలికాలపు చంద్రుడు ఎడమ చివర రంగులవాళ్ళ పొగగొట్టం దగ్గర తేలుతాడు. ఎండాకాలపు చంద్రుడు కుడి చివరకు జరిగి రేకుల షాపు వైపు వస్తాడు. పున్నమినాడు టీ సమయానికి గోడ ఎక్కినవాడు, మర్నాటికి సుమారు ముప్పావుగంట ఆలస్యం చేసి, విరామంలో ముఖమే చూపించడు.

"మన ఆయనల్లాగే," అనేది పిన్ని.

ఇంకా తెలిసింది. గోడ మీద తల పెట్టేటప్పుడు చంద్రుడు, ఇస్త్రీపెట్టె మరీ వేడెక్కి తెల్లబట్ట మీద పడిన మరకలా గోధుమరంగులో ఉంటాడు. జానెడు పైకి వచ్చేసరికి మరక పోయి తెల్లబడతాడు. ఒకసారి గ్రహణం కూడా చూశారు. ఒక అంచున మొదలై, కత్తెరతో గుండ్రంగా కోసుకుంటూ పోయినట్టు నల్లబడింది. ఎవరూ చెప్పకుండానే ఇదంతా ఆమెకు కంటిపాఠమైంది. బిడ్డ ముఖం వాడితే తల్లికి తెలిసినట్టు, చంద్రుడి రంగులో తేడా వస్తే తెలిసే స్థితికి వచ్చింది.

ఆ తేడా ఆసుపత్రి కోట్లు కుట్టిన నెలలో వచ్చింది.

మూడువందల తెల్లకోట్లు మర్నాడు పొద్దున్నే వెళ్ళాలి. మడతలు పెట్టి, కట్టలు కట్టి బల్ల మీద పేర్చేశారు. తాళంసారు ఎప్పట్లాగే షట్టరు దించి తాళం వేసి, అట్టపెట్టెలు తేవడానికి వెళ్ళాడు. పావు తక్కువ ఏడుకు అందరూ పెరట్లోకి వచ్చారు. "ఇవాళ తెల్లకోటు పున్నమి, ముందే చెప్తున్నా, మళ్ళీ తగువులొద్దు" అని పిన్ని ప్రకటించింది. చంద్రుడు గోడ మీద తేలాడు. గోధుమరంగు. జానెడు పైకి వచ్చాడు. తెల్లబడ్డాడు. కాజాలక్క సుద్దగుర్తు పెట్టి వచ్చి గ్లాసు అందుకుంది. మళ్ళీ తల ఎత్తితే చంద్రుడు ఎర్రగా ఉన్నాడు.

"పిన్నీ, చూడు."

"గ్రహణమే! పేపర్లో వేసుంటాడు, మనం చదివి ఏడిస్తేగా."

"గ్రహణమైతే అంచునుంచి రావాలి కదా. ఇది మొత్తం ఒక్కసారే వచ్చింది."

"నీకు ముందు చెప్పి రావాలేమిటే?"

నలుగురూ నవ్వారు. ఆమె నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, చంద్రుడి మీంచి చూపు తిప్పకుండా నాలుగు అడుగులు కుడివైపు నడిచింది. అక్కడినుంచి చూస్తే చంద్రుడు తెల్లగా, మచ్చలతో సహా మామూలుగా ఉన్నాడు. మళ్ళీ డ్రమ్ము దగ్గరకు వచ్చింది. ఎరుపు. నాలుగు అడుగులు పక్కకు వేస్తే వదిలిపోయే గ్రహణం ఎక్కడా ఉండదు. అంటే ఆ ఎరుపు పైన లేదు, తనకూ చంద్రుడికీ మధ్య, బాగా దగ్గరలో ఉంది. చూపు కిందికి దించింది. ఎదురుగా రేకుల కొట్టు.

పొగ అంత పల్చగా ఉంది, చంద్రుడు వెనక లేకపోతే కంటికి ఆనదు. వాసన కూడా పట్టించలేదు. ఇస్త్రీ మాడు, రంగుల ఘాటు కలిసిన ఆ పెరట్లో ముక్కులు ఎప్పుడో పనిచేయడం మానేశాయి.

"కొట్టు కాలుతోంది!" అంది.

ఇస్త్రీ బాబాయి కొట్టు తలుపు లాగేసరికి లోపల గుడ్డమూటలు నిప్పుకణికల్లా ఎర్రగా ఉన్నాయి. గాలి తగలగానే భగ్గుమన్నాయి. కొట్టు గోడ మీదుగా వెళ్ళే పాత కరెంటు తీగ కరిగి వేలాడుతోంది. పొగ పెరడు నింపి, తెరిచి ఉన్న తలుపులోంచి హాల్లోకి పోయింది. ఆ తలుపు మూయడానికి లేదు. మూస్తే మంట ఆర్పే నీళ్ళు అటుపక్క, మనుషులు ఇటుపక్క అయిపోతారు.

పదిమంది షట్టరు దగ్గరకు పరిగెత్తారు. బట్ట చుట్టే ఇనపకడ్డీతో బాదారు. రేకులు కొట్టే షాపు పక్కన రేకు షట్టరు బాదితే వీధిలో ఎవరికి అనుమానం వస్తుంది? వెళ్ళేవాడెవడో బయటినుంచి అరచేత్తో రెండు తట్టి, "చెవులు పోతున్నాయి, కాస్త మెల్లగా కొట్టండయ్యా!" అని కేకేసి వెళ్ళిపోయాడు. లోపలివాళ్ళ అరుపులు, పెరటి గోడల మీదుగా వేసిన కేకలు ఆ మోతలోనే కలిసిపోయాయి. ఇద్దరు సొరుగు పెకలించబోయారు. కత్తెర విరిగింది, సొరుగు వంగనైనా లేదు. లోపల ఎవరిదో ఫోను మోగుతోంది. అందరూ ఆ మోత వింటూ నిలబడ్డారు. మోగి మోగి ఆగిపోయింది.

కాజాలక్క ఆరేళ్ళుగా చూస్తున్న షట్టరు అది. కిందిభాగంలో చిన్న సొట్ట ఉంటుంది, అందులోంచి వీధి దీపం వెలుతురు గీతలా పడుతుంది. ఆ గీత మీద చెప్పుల నీడలు అటూ ఇటూ పోతున్నాయి. ఆ చెప్పులవాళ్ళకూ తమకూ మధ్య ఒక రేకు మందం దూరం. ఇంతకాలం తాను ఉద్యోగం అనుకున్నది ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

వెనక్కి తిరిగి, బల్ల మీంచి తెల్లకోట్ల కట్ట ఒకటి ఎత్తింది.

"ఒసేయ్, అవి రేపటి డెలివరీ!" అంది పిన్ని.

"రేపటికి మనముంటే కదా పిన్నీ!"

కట్ట తీసుకెళ్ళి డ్రమ్ములో ముంచింది. నీళ్ళు కారుతున్న కోట్లను మంట మీదికి విసిరింది. ఆ మూడువందల కోట్లకూ కలిపి పన్నెండువందల కాజాలు, అన్నీ ఆమె వేసినవే. పిన్ని రెండో కట్ట ఎత్తుకుంది. ఇక ఇరవై ఆరుమందీ వరుస కట్టారు. ముంచడం, విసరడం, మూటలు లాగి తొక్కడం. పాతిక నిమిషాలకు మంట అణిగింది. ముగ్గురు వాంతులు చేసుకున్నారు. ఇస్త్రీ బాబాయికి ముంజేయి కాలి తోలు ఊడింది. డ్రమ్ముల్లో అడుగు కనిపిస్తోంది. ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా ఆ రంగు కనిపెట్టి ఉంటే ఆ నీళ్ళు ఎందుకూ చాలేవి కావు.

పావు తక్కువ ఎనిమిదికి తాళం తెరుచుకుంది. చేతిలో అట్టపెట్టెలతో తాళంసారు నిలబడి, హాలంతా కలియచూసి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"కోట్లు ఎవరు తడిపారు?"

మర్నాడు ఓనరు వచ్చాడు. ఆయన వెంట వెల్డింగు చేసేవాడు వచ్చాడు. అందరూ షట్టరు తాళం తీయించేస్తాడనుకున్నారు. వెల్డింగువాడు నేరుగా వెనకతలుపు దగ్గరకు వెళ్ళి, దానికి అడ్డంగా ఇనపపట్టీలు బిగించి అతికేశాడు. పెరట్లోకి వెళ్తున్నారు కాబట్టే నిప్పు పుట్టిందట. ఇకనుంచి టీ ఎవరి మిషన్ దగ్గర వాళ్ళే తాగాలి.

"నీళ్ళు అటుపక్కే ఉన్నాయి సార్," అంది పిన్ని.

"బకెట్లు పెట్టిస్తాలే అమ్మా."

అది జరిగి మూడు వారాలైంది. రెండు బకెట్లు పెట్టారు. ఒకదాంట్లో గుండీలు పోసుకున్నారు.

షట్టరు తాళం అలాగే ఉంది, వేళ తప్పకుండా ఐదున్నరకు పడుతోంది.

తలుపు అతికిన వారమే ఓనరు దగ్గరనుంచి ఒక కాగితం వచ్చింది. అందులో మూడు మాటలున్నాయి. పనివాళ్ళ అజాగ్రత్త వల్ల పెరట్లో నిప్పంటుకుంది. ఆ సమయంలో షట్టరు తెరిచే ఉంది. వెనకతలుపు మూయమని పనివాళ్ళే కోరారు. కింద ఇరవై ఆరు సంతకాలకు గీతలు. ఇస్త్రీ బాబాయి కట్టు కట్టిన చేత్తోనే వంకరగా పెట్టాడు. పిన్ని పెట్టి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. పిన్ని మాట్లాడకపోవడం ఆ హాల్లో ఎన్నడూ జరగలేదు. కాజాలక్క వంతు వచ్చింది.

"షట్టరు తెరిచే ఉందని రాశారు సార్," అంది.

"అయితే?"

"పావు తక్కువ ఎనిమిదికి తాళం తీసింది మీరే కదా సార్."

"పెద్ద లాయరువి! సంతకం పెట్టకపోతే రేపట్నుంచి కాజాలు ఎక్కడ కుడతావు?"

"మిషన్ మీద సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తాళంసారు నవ్వలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

రోజూ సాయంత్రం ఆ కాగితం సొరుగులోంచి బయటికి వస్తోంది, ఆమె ముందు పరుస్తున్నారు, ఆమె చూసి పక్కకు నెడుతోంది, మళ్ళీ లోపలికి పోతోంది. లారీలోంచి భర్త ఫోను చేసి, "పెట్టెయ్యవే, ఒక్క సంతకమే కదా, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. అత్త ఫోను లాక్కుంది. "ఒరేయ్, నీకు విసుగేస్తే లారీ ఆపి దిగుతావు. అది ఎక్కడ దిగాలిరా?" అని పెట్టేసింది. కానీ అత్తకు మందులు కావాలి. కూతురికి పరీక్షలున్నాయి. వేరే చోట చేరదామని కాజాలక్క ఆదివారం మూడు హాళ్ళు తిరిగి వచ్చింది. మూడింటికీ షట్టర్లే. ఒకచోట, ఏ హాలునుంచి వస్తున్నావని అడిగి, చెప్పగానే తల అడ్డంగా ఊపారు.

ఇన్నాళ్ళూ తీసెయ్యకుండా ఉంచారంటే ఆ మొండి మిషన్ దయే. దానికీ మందు కనిపెట్టారు. పోయిన సోమవారంనుంచి ఆమె పక్కన ఇంకొక ఆమెను కూర్చోబెట్టారు. ఇద్దరు పిల్లల తల్లి, కొత్తగా పనిలోకి వచ్చింది. ఆమెకు కాజాలు నేర్పాల్సింది కాజాలక్కే.

"తప్పుగా నేర్పవే, నాలుగు నెలలు గడుస్తాయి," అని పిన్ని చెవిలో ఊదింది.

"తప్పుగా నేర్పితే సూది ఆమె వేల్లోనే కదా పిన్నీ దిగేది. ఆమెదేం తప్పు?"

సరిగ్గానే నేర్పుతోంది. నిన్నటికి కొత్తామె దారం తెగకుండా మూడు కాజాలు కుట్టింది. చురుకైన మనిషి, మహా అయితే ఇంకో నెల పడుతుంది. ఆ తర్వాత సంతకం పెట్టనామె బయటికి పోతుంది. ఆ గీత మీద కొత్తామె సంతకం పడుతుంది. షట్టరు తెరిచే ఉందని ఇరవై ఆరుమంది ఒప్పుకున్న కాగితం పూర్తవుతుంది.

ఎందుకు ఫిర్యాదు చేయలేదని మీరు ఆమెను అడగకండి. ఆమె రాస్తే ఆ ఉత్తరం కింద ఆమె పేరుంటుంది. ఆ పేరు సాయంత్రంలోగా ఓనరు బల్ల మీదికి వస్తుంది. నేను ఆ హాలు ఎక్కడుందో రాయకపోవడానికీ అదే కారణం. సంతకం పెట్టనిది ఒక్కతే.

కానీ మీరు రాయవచ్చు. ఈ వారంలో ఒక సాయంత్రం, ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య, మీ వీధి వెనక సందుల్లో ఒకసారి నడవండి. దించిన షట్టరుకు బయట తాళముండి, లోపల మిషన్ల చప్పుడు వినిపిస్తే ఆగండి. చిరునామా, తేదీ, సమయం రాసుకోండి. బయట తాళం, లోపల మనుషులు అని ఒక కాగితం మీద రాసి, ఒక ప్రతి అగ్నిమాపక కేంద్రంలో, ఇంకొకటి కార్మికశాఖ కార్యాలయంలో ఇవ్వండి. ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. వారం ఆగి, ఏం చేశారని వెళ్ళి అడగండి. మీ పిల్లల స్కూలులోనో, మీరు చూపించుకునే ఆసుపత్రిలోనో, యూనిఫారాలు ఎక్కడ కుట్టిస్తున్నారని అడగండి. పని జరుగుతున్నంతసేపూ తలుపులు తీసి ఉంచితేనే ఆర్డరు అని వాళ్ళచేత రాయించండి.

గడువు నెల రోజులే. కొత్తామె త్వరగా నేర్చుకుంటోంది.